ఇంట్లో చెక్కుడు యంత్రం: కొనేముందు వేయాల్సిన లెక్కలు

ఆరంగుళాల చదరపు టేకు పలక మీద వినాయకుడి ముఖం చెక్కే వీడియో నిమిషంన్నరలో అయిపోతుంది. అదే పని సీఎన్‌సీ రౌటర్ మీద, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే యంత్రం మీద, నిజంగా ఎంతసేపు పడుతుందో కాగితం మీద లెక్క వేసి చూడొచ్చు. ఆరంగుళాలంటే సుమారు 150 మిల్లీమీటర్లు. కనురెప్పలు, కిరీటంలోని పూసలు స్పష్టంగా రావాలంటే మొన 1 మిల్లీమీటరు ఉండే సన్నటి బిట్ (గిర్రున తిరుగుతూ చెక్కను కోసే ముక్క) వాడాలి. అది ఒక గీత గీసి, 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగి, మళ్లీ ఇంకో గీత గీస్తుంది. అలా 1500 గీతలు. ఒక్కో గీత 150 మిల్లీమీటర్లు కాబట్టి మొత్తం 225 మీటర్ల ప్రయాణం. నిమిషానికి ఒక మీటరు వేగంతో నడిచినా 3 గంటల 45 నిమిషాలు. అంతకు ముందు లావు బిట్‌తో అదనపు చెక్కను తీసేసే పని ఒకటుంది. ఎత్తుపల్లాల దగ్గర యంత్రం వేగం తగ్గించుకోవడం ఇంకొకటి. చిన్న యంత్రం మీద అయితే ఐదు గంటలు అనుకోవడమే మంచిది.

అలాగని యంత్రం నెమ్మదిదని కాదు. చేతి ఉలితో అదే ముఖం చెక్కాలంటే అనుభవం ఉన్న శిల్పికి కూడా ఇంతకంటే చాలా ఎక్కువ సమయమే పడుతుంది. విషయం ఏమిటంటే, ఆ ఐదు గంటలూ ఇంట్లో మిక్సీ ఆగకుండా తిరుగుతున్నట్టు ఉంటుంది. పొట్టు లేస్తుంది. ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. వీటికి సిద్ధమైన తర్వాతే ధరల మాట.

ఈ సీఎన్‌సీ రౌటర్ మీద సరదా పుట్టినవాళ్లు చాలామంది ముందు మోడళ్లు పోల్చుకోవడం మొదలుపెడతారు. నెలల తరబడి అదే పని. ముందు తేల్చుకోవాల్సింది ఏం చేయాలనుకుంటున్నామన్నది. ఇంటి పేరు బోర్డా, దేవుడి బొమ్మా, పూజామందిరం తలుపుకు జాలీనా, పీట మీద ముగ్గా? ఒక్కోదానికి ఒక్కో రకం యంత్రం కావాలి. కొన్నింటికి అసలు కొనాల్సిన అవసరమే ఉండదు.

పైనుంచి మాత్రమే చూసే ఉలి

అంకెలతో యంత్రాన్ని నడిపించాలన్న ఆలోచన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసే జాన్ పార్సన్స్ అనే అమెరికన్‌ది. 1952లో ఎంఐటీ ప్రయోగశాల దాన్ని లోహాన్ని కోసే ఒక పెద్ద మిల్లింగ్ యంత్రానికి అమర్చి చూపించింది. అప్పట్లో రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు మీద అంకెలు ఉండేవి. ఇప్పుడు వాటినే జీ-కోడ్ అంటున్నాం. "ఈ చోటికి, ఇంత వేగంతో, తిన్నగా వెళ్లు" అన్న తరహా వాక్యాలు వేల కొద్దీ ఉంటాయి. యంత్రం ఒక్కొక్కటే చదువుతూ పోతుంది. దానికి వినాయకుడెవరో తెలియదు, చెక్క ఉందో లేదో కూడా తెలియదు.

కర్మాగారాల్లో ఉండే ఈ యంత్రం ఇంటి బల్ల మీదికి రావడానికి రెండు మలుపులు కారణం. 2009లో సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ జీఆర్‌బీఎల్ అనే ఉచిత ప్రోగ్రాం రాశాడు. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఉంటే చాలు, అది జీ-కోడ్ చదివి మూడు మోటార్లను నడిపిస్తుంది. 2011లో ఎడ్వర్డ్ ఫోర్డ్ షేపోకో అనే కిట్‌ను, జనం నుంచి డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో పెట్టాడు. ఆ తర్వాత చైనా కిట్లు వరసగా వచ్చాయి. లక్షల్లో ఉండే వస్తువు వేలల్లోకి దిగింది.

ఈ యంత్రాల్లో ఎక్కువ భాగం మూడు దిక్కుల్లోనే కదులుతాయి: కుడి ఎడమలకు, ముందు వెనకలకు, పైకి కిందికి. బిట్ ఎప్పుడూ నిలువుగా పైనుంచే దిగుతుంది. కాబట్టి తొండం వెనక ఖాళీ, చెవి వెనక సందు, చేతికీ నడుముకీ మధ్య కంత దీనికి అందవు. గోడకు తగిలించే ఉబ్బెత్తు బొమ్మ చేయగలదు కానీ, చుట్టూ తిరిగి చూసే బొమ్మ చేయలేదు. కొండపల్లి బొమ్మలు చూసి, "అలాంటివి ఇంట్లోనే చేసుకోవచ్చు కదా" అని యంత్రం కొంటే నిరాశ తప్పదు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాక బొమ్మలు లేత్ మీద తిరుగుతూ తయారవుతాయి, తిరుగుతుండగానే లక్క రంగు పట్టిస్తారు. రెండింటికీ ఈ రౌటర్‌తో సంబంధం లేదు. చెక్కను తిప్పే నాలుగో అక్షం విడిగా దొరుకుతుంది కానీ, మొదటి ఏడాది దాని జోలికి పోకపోవడమే మేలు.

3018, 6040, 1325

మోడల్ పేర్లలోని ఈ అంకెలు పని చేసే చోటు కొలతలే. 3018 అంటే 300 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పు. 6040 అంటే 600, 400. ఊళ్లలో "సీఎన్‌సీ కటింగ్" బోర్డు పెట్టుకున్న షాపుల్లో ఉండేది సాధారణంగా 1325. నాలుగడుగుల ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు మొత్తం పడుతుంది దాని మీద. ధరలు కూడా ఇదే వరసలో పెరుగుతాయి. మొదటిది వేలల్లో, రెండోది సాధారణంగా లక్ష దాటి, మూడోది లక్షల్లో.

పరిమాణం కంటే ముఖ్యమైనది బిగువు. ప్రకటనల్లో "0.01 మిల్లీమీటరు కచ్చితత్వం" అని రాసి ఉంటుంది. అది మోటారు ఒక్కో అడుగు ఎంత చిన్నగా వేయగలదో చెప్పే అంకె. టేకులో బిట్ దిగి, చెక్క ఎదురు తిరిగినప్పుడు యంత్రం ఒళ్లు ఎంత వంగుతుందో అది చెప్పదు. 3018లో సన్నటి అల్యూమినియం పట్టీలు, వాటి మీద 775 రకం చిన్న డీసీ మోటారు ఉంటాయి. ఆ మోటారు గట్టి బొమ్మ కారులో పెట్టే జాతిది. అందుకే టేకులో ఒక్కోసారికి అర మిల్లీమీటరో, మహా అయితే ఒక మిల్లీమీటరో లోతు తీసుకుంటూ పోవాలి. ఐదు మిల్లీమీటర్ల లోతు కావాలంటే ఐదు నుంచి పది సార్లు తిరగాల్సిందే. తొందరపడి లోతు పెంచితే బిట్ వణుకుతుంది, అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి, ఇంకా పెంచితే బిట్ విరుగుతుంది.

బిట్ విషయంలోనూ ఇదే సూత్రం. బిట్ మందం సగానికి తగ్గితే అది 16 రెట్లు ఎక్కువ వంగుతుంది. బయటికి వేలాడే పొడవు రెట్టింపైతే 8 రెట్లు. 6 మిల్లీమీటర్ల బిట్‌తో హాయిగా నడిచిన పని 3 మిల్లీమీటర్ల బిట్‌తో ఎందుకు చెడిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. బిట్‌ను అవసరమైనంత మేరకే బయటికి ఉంచి, దాని కాడను పట్టుకునే కోలెట్‌లో బిగించాలి. కోలెట్ అన్నాక ఇంకో మాట: 6 మిల్లీమీటర్ల కాడకూ, పావు అంగుళం కాడకూ వేర్వేరు కోలెట్లు కావాలి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. మన మార్కెట్లో రెండూ పక్కపక్కనే దొరుకుతాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. దుకాణంలోనే కొలిచి తీసుకోకపోతే ఇంటికొచ్చాక అర్థమవుతుంది.

చేయాలనుకునేది చిన్న పేరు బోర్డులు, పెట్టెల మూతలు, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) మీద నగిషీలు అయితే 3018 చాలు. నేర్చుకోవడానికి దానికి మించింది లేదు. టేకులో అడుగు దాటిన పనులు వారం వారం చేయాలనుకుంటే మాత్రం అది అడుగడుగునా సహనాన్ని పరీక్షిస్తుంది. అప్పుడు ఉక్కు పట్టాల మీద, బాల్ స్క్రూలతో నడిచే 6040 తరహా యంత్రం, బిట్‌ను తిప్పడానికి దానికి ట్రిమ్ రౌటర్ అనే చేతి కోత యంత్రం గానీ, నీటితో చల్లబడే స్పిండిల్ అనే మోటారు గానీ ఉన్నది చూడాలి. ఈ రెండింటి మధ్య ఊగిసలాడి, మధ్యస్థంగా ఉందని ఏదో ఒకటి కొనేవాళ్లే ఎక్కువ బాధపడతారు.

"శ్రీ నిలయం" చెక్కాలంటే

ఎక్కువమంది తెలుగువాళ్లు మొదట చేయాలనుకునేది ఇంటి పేరు బోర్డే. అడుగు పొడవు, అరడుగు వెడల్పు పలక మీద "శ్రీ నిలయం". తేలిగ్గా కనిపించే ఈ పనిలోనే యంత్రం సంగతులన్నీ దాదాపు బయటపడతాయి.

మొదటి అడ్డంకి అక్షరాల దగ్గరే వస్తుంది. చెక్కే దారిని తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి తెలుగు సరిగా రాదు. "శ్రీ" అని టైప్ చేస్తే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం విడివిడిగా పడతాయి. దీనికి మందు సులువే. ఇంక్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాంలో టైప్ చేస్తే వత్తులు, గుణింతాలు సరిగా కూర్చుంటాయి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆ అక్షరాలను గీతలుగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా పంపాలి. ఊళ్లో ఫ్లెక్సీలు వేసే డీటీపీ షాపువాళ్లయితే అను ఫాంటులో కొట్టి, కోరెల్‌డ్రాలో కర్వ్స్‌గా మార్చి ఇస్తారు. వాళ్ల చేతిలో అక్షరాల పొందిక బాగుంటుంది, ఆ కాస్త డబ్బు దండగేమీ కాదు.

ఇక్కడే రెండో అడ్డంకి దాక్కుని ఉంటుంది. తెలుగు ఫాంట్లలో అక్షరం ఒక ముక్క, క్రారవడి ఒక ముక్క, తలకట్టు ఒక ముక్కగా ఉండి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. తెర మీద నల్లగా కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి తెలియదు. గీతలుగా మార్చి యంత్రానికి ఇచ్చినప్పుడు ఆ ఎక్కిన చోట రెండు గీతలు అడ్డంగా కోసుకుంటాయి. "శ్రీ" మధ్యలో ఉండకూడని గాటు పడుతుంది. ఇంక్‌స్కేప్‌లో యూనియన్, కోరెల్‌డ్రాలో వెల్డ్ చేసి ముక్కలన్నీ ఒకటి చేస్తే ఆ గాటు పోతుంది. ఈ ఒక్క క్లిక్కు తెలియక పాడైన టేకు ముక్కలు ఎన్నో!

ఇప్పుడు అక్షరాలు లోపలికి చెక్కాలా, చుట్టూ తీసేసి ఉబ్బెత్తుగా నిలబెట్టాలా అన్నది తేల్చుకోవాలి. ఉబ్బెత్తు అక్షరాలు అందంగా ఉంటాయి. అయితే బిట్ అక్షరాల మధ్య సందుల్లోకి దూరగలగాలి. 3 మిల్లీమీటర్ల బిట్ 2 మిల్లీమీటర్ల సందులోకి దిగదు. సాఫ్ట్‌వేర్ దాన్ని మాటమాత్రం కూడా చెప్పకుండా వదిలేస్తుంది. ద, ధ, ప, ఫ లాంటి జంటల మధ్య తేడా కింద ఉండే చిన్న గీతే. ఆ గీత చుట్టూ సందు పూడుకుపోతే మిగిలేది ఒక ముద్ద. "ధనలక్ష్మీ నిలయం" అని రాసుకున్న ఇంట్లో, ఆ ముద్ద మొదటి అక్షరంలోనే వస్తే బాధగానే ఉంటుంది కదా. ఉబ్బెత్తు కావాలంటే అక్షరాలు పెద్దవిగా, ఎడంగా ఉండాలి, లేదా సన్నటి బిట్‌తో రెండో విడత చేయాలి. ఇంగ్లీషు అక్షరాల లోపలి మూలలు పదునుగా రావాలంటే గుండ్రటి బిట్ ఇబ్బంది పెడుతుంది. మన లిపి గుండ్రం కాబట్టి ఆ బాధ చాలావరకు తప్పుతుంది. అందుకు బదులు వత్తుల సందులు మనకు వచ్చిన చిక్కు.

లోపలికి చెక్కడానికి వీ ఆకారపు బిట్ ఉంది. మొదటి బోర్డుకు ఇదే సరైనది. గీత వెడల్పైన చోట అది లోతుకు దిగుతుంది, సన్నబడే కొద్దీ పైకి లేస్తుంది. కాబట్టి ఎంత సన్నటి సందైనా అందుతుంది, కలంతో రాసిన ఒంపు కూడా వస్తుంది. 60 డిగ్రీల వీ-బిట్‌తో 6 మిల్లీమీటర్ల వెడల్పు గీత రావాలంటే 5.2 మిల్లీమీటర్లు లోతుకు దిగాలి. 90 డిగ్రీల బిట్ అయితే 3 మిల్లీమీటర్లు చాలు. పలక మందం అరంగుళం ఉంటే రెండూ సరిపోతాయి. అయితే వీ-బిట్ విషయంలో పలక సమంగా ఉండటం ప్రాణం లాంటిది. పలక ఒక మూల అర మిల్లీమీటరు ఎత్తుగా ఉంటే అక్కడి అక్షరాలు లావుగా, ఎదుటి మూలవి సన్నగా వస్తాయి. అందుకే యంత్రం బల్ల మీద ఎండీఎఫ్ ముక్క వేసి, ముందు యంత్రంతోనే దాన్ని చదును చేయించి, ఆ తర్వాత చిత్రిక పట్టిన పలకను దాని మీద బిగించాలి.

బిగించడం అని తేలిగ్గా అనేస్తాం. పలక వెంట్రుకవాసి జరిగినా పని పోయినట్టే. క్లాంపులతో బిగిస్తే వాటిని బిట్ తగలకుండా చూసుకోవాలి. యంత్రానికి క్లాంపు ఉందని తెలియదు, నేరుగా వెళ్లి గుద్దుతుంది. ఒక మంచి ఉపాయం వాడుకలో ఉంది: పలక అడుగున ఒకటి, బల్ల మీద ఒకటి మాస్కింగ్ టేపు అంటించి, ఆ రెండు టేపుల మధ్య ఫెవిక్విక్ వేసి నొక్కడం. పని అయ్యాక టేపు ఊడదీస్తే చెక్కకు మరక ఉండదు.

ఇక రంగు. చెక్కకముందే పలకకు స్పిరిట్ పాలిష్ కొట్టి, ఆరాక దాని మీద స్టిక్కర్ కాగితం అంటించి, ఆ కాగితంతో సహా చెక్కిస్తారు. చెక్కిన గాట్లలో కూడా పల్చగా పాలిష్ పూసి ఆరనిస్తే రంగు చెక్క నారల్లోకి పాకదు. ఆ తర్వాత రంగు వేసి కాగితం లాగేస్తే అంచులు కత్తిరించినట్టు వస్తాయి. యంత్రం పని నలభై నిమిషాలైతే, ఫైలు సరిచేయడం, పలక సిద్ధం చేయడం, గరుకు కాగితం పట్టడం, రంగు, పాలిష్ కలిపి ఒక శనివారం, ఒక ఆదివారం అవుతాయి. ఈ పనుల మీద ఇష్టం ఉన్నవాళ్లకే ఈ యంత్రం. మీట నొక్కితే బొమ్మ రావాలనుకునేవాళ్లకు ఇది సంతోషం ఇవ్వదు.

ఏ చెక్క

టేకు అనగానే మనకు గౌరవం. గౌరవానికి తగ్గట్టే అది వంకర తిరగదు, నగిషీ నిలుస్తుంది. కానీ టేకులో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (ఒక రకం ఉక్కు) బిట్లు దాని మీద త్వరగా మొద్దుబారిపోతాయి. మొద్దుబారిన బిట్ కోయదు, రుద్దుతుంది. రుద్దితే చెక్క నల్లబడుతుంది, పొగ వాసన వస్తుంది. కార్బైడ్ బిట్లే కొనాలి. వేగం మరీ తగ్గించినా ఇదే జరుగుతుంది. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రెండంచుల బిట్, ఒక్కో అంచు 0.05 మిల్లీమీటరు చెక్క తీయాలంటే నిమిషానికి ఒక మీటరు వేగంతో నడవాలి. యంత్రానికి అంత వేగం పడకపోతే చుట్లు తగ్గించాలి. జాగ్రత్త పేరుతో నెమ్మదిగా నడపడం కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో మొదటిది.

నేర్చుకునే రోజుల్లో ఎండీఎఫ్ నయం. నారలుండవు, ముడులుండవు, అన్ని దిక్కులా ఒకేలా కోతకొస్తుంది. తక్కువ రకం ప్లైవుడ్ లోపల ఖాళీలు ఉంటాయి, నగిషీ మధ్యలో గుంటలు బయటపడతాయి. టింబర్ డిపోలో మిగిలిన టేకు తునకలు అడిగితే తక్కువకే ఇస్తారు. ద్వారబంధాలు కోసినప్పుడు మిగిలిన ముక్కలే పేరు బోర్డులకు సరిపోతాయి. పచ్చి కర్ర మాత్రం వద్దు. ఒకవైపు చెక్కగానే రెండు వైపులా తేమ తేడా వచ్చి, వారంలో పలక దోనెలా వంగుతుంది.

ఎర్రచందనం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే శేషాచలం చుట్టుపక్కల ఊళ్ల నుంచి "చిన్న ముక్కే కదా" అని ఇచ్చేవాళ్లుంటారు. అది వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో ఉన్న చెట్టు. అనుమతి పత్రాలు లేని ముక్క ఇంట్లో ఉండటమే కేసు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల శిల్పులు చెక్కిన బొమ్మలు చూసి మోజు పడటం సహజమే. ఆ బొమ్మను వాళ్ల దగ్గరే కొనుక్కోవడం ఉత్తమం.

ఎవరి తాళం ఎవరి చేతిలో

2000ల రెండో సగంలో అమెరికాలో సియర్స్ దుకాణాలు కంప్యూకార్వ్ అనే యంత్రం అమ్మాయి. టెక్సాస్‌లోని ఒక కంపెనీ చేసిన కార్వ్‌రైట్ యంత్రానికే అది ఇంకో పేరు. చూడటానికి బల్ల మీద పెట్టే చిత్రిక యంత్రంలా ఉండేది. పలకను ఒకవైపు నుంచి పెడితే రోలర్లు లోపలికి లాక్కుని, లోపలే చెక్కేవి. ఇంటి వడ్రంగి కోసం ఆలోచించి చేసిన తెలివైన రూపం అది. కాకపోతే డిజైన్ నుంచి చెక్కడం దాకా అన్నీ ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే జరగాలి, విడిభాగాలూ వాళ్ల దగ్గరే కొనాలి. అలాంటి యంత్రం కొన్నవాళ్ల సరదా ఆ కంపెనీ ఆయుష్షు మీద ఆధారపడుతుంది.

ఆర్ట్‌క్యామ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకా దగ్గరది. మన దగ్గర తలుపుల డిజైన్లు చేసే షాపుల్లో చాలామంది నేర్చుకున్నది దాని మీదే. ఆటోడెస్క్ కంపెనీ 2018లో దాన్ని ఆపేసింది. తర్వాత కార్వెకో అనే పేరుతో ఆ వారసత్వం కొనసాగుతోంది. పాత కాపీలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి, వాటిలో చాలావరకు దొంగ కాపీలు. వైరస్‌లతో సహా వచ్చే ఆ పెన్‌డ్రైవ్‌ల అవసరం హాబీ చేసేవాళ్లకు లేదు. ఇంక్‌స్కేప్, ఫ్రీక్యాడ్, ఈజిల్, యంత్రాన్ని నడపడానికి క్యాండిల్ లాంటివి చాలు. డబ్బు పెట్టగలిగితే వీకార్వ్ హాయిగా ఉంటుంది. యంత్రం ఎంచుకునేటప్పుడు జీఆర్‌బీఎల్ లాంటి అందరికీ తెలిసిన కంట్రోలర్ ఉందా, మామూలు జీ-కోడ్ తీసుకుంటుందా అన్నది అడగాలి. బోర్డు కాలిపోతే ఎక్కడైనా ఇంకోటి దొరుకుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఐదు గంటలు

శబ్దం గురించి మొదట్లో చెప్పుకున్నాం. 3018 శబ్దం తలుపు మూసిన గదిలో భరించవచ్చు. ట్రిమ్ రౌటర్ పెట్టిన యంత్రం మూడో అంతస్తు బాల్కనీలో నడిపితే పక్క ఫ్లాటువాళ్లు మొదటి ఆదివారమే తలుపు తడతారు. కింద షెడ్డో, డాబా మీద గదో, ఊళ్లో ఇల్లో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు.

దుమ్ము అంతకంటే పెద్ద విషయం. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఏళ్ల తరబడి పీల్చే కార్మికుల మీద వచ్చిన నిర్ధారణ అది. అయినా పడగ్గదిలో యంత్రం పెట్టుకోవడానికి అది మంచి కారణం కాదు. ఎండీఎఫ్ దుమ్ములో జిగురు రసాయనాలు కూడా కలిసి ఉంటాయి. వాక్యూమ్ క్లీనర్, దాని ముందు పొట్టును వేరుచేసే సైక్లోన్ డబ్బా, ముఖానికి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు యంత్రంతో పాటే కొనాలి. ఉబ్బసం ఉన్న పిల్లలో, పెద్దవాళ్లో ఇంట్లో ఉంటే వేరే గది లేకుండా ఈ ఆలోచనే వద్దు.

కరెంటు సంగతి. 2.2 కిలోవాట్ల స్పిండిల్ 230 వోల్టుల మీద దాదాపు 10 ఆంపియర్లు లాగుతుంది. దానికి ఏసీకి పెట్టినట్టు పెద్ద సాకెట్, సరైన ఎర్త్ ఉండాలి. 3018కి ఆ టెన్షన్ లేదు, 24 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది. కానీ నాలుగో గంటలో కరెంటు పోతే చిన్నదైనా పెద్దదైనా ఒకటే. యంత్రాన్ని కదిపే స్టెప్పర్ మోటార్లకు తాము ఎక్కడున్నాయో గుర్తుండదు. మూలల్లో హోమింగ్ స్విచ్‌లు ఉంటే యంత్రం మొదటి చోటికి వెళ్లి తిరిగి లెక్క సరిచూసుకుంటుంది, ఆగిన చోటి నుంచి కోడ్ మళ్లీ నడిపించవచ్చు. లేకపోతే కళ్లతో అంచనా వేయాలి, ఆ అంచనా ఎప్పుడూ కొంత తప్పుతుంది. అందుకే కొనేటప్పుడు హోమింగ్ స్విచ్‌లు ఉన్నాయా అని తప్పక అడగాలి. యంత్రం నడుస్తుండగా బయటికి వెళ్లడం మాత్రం ఏ రకమైన యంత్రానికీ పనికిరాదు. రుద్దుకుంటున్న బిట్ నుంచి పొట్టుకు నిప్పు అంటుకోవచ్చు.

ముందు ఒక ముక్క బయట చేయించి

యంత్రం ధర ఎంతైనా, దాంట్లో సగం ఇంకా పక్కన పెట్టుకోవాలి. బిట్లు, కోలెట్లు, క్లాంపులు, వాక్యూమ్, పాడయ్యే చెక్క, ఇవి ఏ ప్రకటనలోనూ ఉండవు. మొదటి నెలలో నాలుగైదు బిట్లు విరగడం మామూలే, దాన్ని నేర్చుకునే ఫీజు అనుకోవాలి.

అందుకే కొనాలన్న ఆలోచన గట్టిపడకముందే చేయదగిన పని ఒకటుంది. కంప్యూటర్‌లో ఫైలు తయారుచేసి, దగ్గర్లోని సీఎన్‌సీ షాపుకు తీసుకెళ్లి ఒక ముక్క చేయించడం. జాలీలకు చదరపు అడుగు లెక్కన, 3డీ బొమ్మలకు గంట లెక్కన తీసుకోవడం ఎక్కువ చోట్ల ఉన్న పద్ధతి. పని జరిగేటప్పుడు అక్కడే నిలబడి చూడాలి: ఏ బిట్ వేశాడు, పలక ఎలా బిగించాడు, ఎన్నిసార్లు ఆపాడు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు రాయదుర్గంలోని టీ-వర్క్స్ (నమూనాలు తయారుచేసుకునే కేంద్రం) లాంటి చోట్ల అవకాశం ఉందేమో కనుక్కోవచ్చు. ఏడాదికి నాలుగు బోర్డులు, రెండు జాలీలే అవసరమైతే షాపులో చేయించుకోవడమే లాభం, ఇంట్లో చోటూ మిగులుతుంది. షాపు నుంచి తిరిగొచ్చాక మళ్లీ కూర్చుని ఫైలు మార్చాలనిపిస్తే, ఇంకో చెక్క మీద ప్రయత్నించాలనిపిస్తే, ఆ మనిషికి యంత్రం అవసరమే.

పాత యంత్రం కొంటున్నా, కొత్తది డెమో చూస్తున్నా, వినాయకుడిని చెక్కించి చూపిస్తే సరిపెట్టుకోకూడదు. ఉబ్బెత్తు బొమ్మలో తప్పులు కంటికి ఆనవు. ఎండీఎఫ్ మీద 100 మిల్లీమీటర్ల వృత్తం, 100 మిల్లీమీటర్ల చతురస్రం కోయించాలి. చతురస్రం మూల నుంచి మూలకు రెండు దిక్కులా కొలిస్తే ఒకే కొలత, అంటే 141.4 మిల్లీమీటర్లు రావాలి. తేడా వస్తే అడ్డదూలం వంకరగా ఉందన్నమాట, అది బిగించి సరిచేయగలిగేదే. వృత్తాన్ని చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ వేలు తిప్పాలి. పైనా కిందా, కుడీ ఎడమా నాలుగు చోట్ల చదునుగా తగిలితే స్క్రూల్లో వదులు ఉంది. ఆ తర్వాత యంత్రం ఆపించి, స్పిండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు నెట్టి చూడాలి. కంటికి కనిపించేంత కదిలితే, ధర ఎంత తగ్గించినా ఆ యంత్రాన్ని అక్కడే వదిలి రావాలి.